మామ్మ చూసిన పసుపు వెలుగు

ఆవిడను తలుచుకుంటే నాకు ముఖం కన్నా ముందు చేతులు కనిపిస్తాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంటుంది. కుడిచేతి రెండు వేళ్ళు దాని మణికట్టు మీద ఆని ఉంటాయి. గోళ్ళ సందుల్లో మినప్పిండి ఎండిపోయి తెల్లగా ఉంటుంది. కళ్ళు గోడ గడియారం మీద నిలిచి ఉంటాయి, పెదవులు మాత్రం కదులుతుంటాయి. ఆ నిమిషం పాటు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

క్రితం నెల ఆవిడ పోయింది. మధ్యాహ్నం భోంచేసి, వీపు కింద దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని ఒరిగి, అలాగే నిద్రలో వెళ్ళిపోయిందట. పక్కింటివాళ్ళు ఫోను చేసి చెప్పారు. అప్పుడు నేను పొలసరలో ఆఫీసులో ఉన్నాను. ఫోను పెట్టేశాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బయట ఎవరిదో దాళ్వా వరి నూర్పు జరుగుతోంది. ధూళి ఎండలోకి లేచి మెల్లగా దిగుతోంది. ఎవరో వచ్చి సంతకం అడిగేవరకూ ఆ ధూళినే చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ పేరు నేను రాయను. రాసినా బరంపురంలో ఆవిడ ఉండే అంకులి పేటలో ఆ పేరుతో ఆవిడను ఎవరూ పోల్చుకోలేరు. తెలుగువాళ్ళకు అప్పడాల మామ్మ, ఒడియావాళ్ళకు మౌసీ, అంటే పిన్ని. అంతే.

మాది పాత్రపూర్ దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. బరంపురంలో నాకు చిన్న గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు గది వెతుక్కుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళాను. కింద ఆవిడా, ఆవిడ చెల్లెలూ ఉండేవారు. ఇద్దరికీ భర్తలు పోయారు, పిల్లలు లేరు. చెల్లెలికి వినికిడి తక్కువ. మేడ మీద ఒక్కటే గది, మిగతాదంతా డాబా. ఆ డాబా నిండా పాత చీరలు పరిచి అప్పడాలు ఆరబెట్టి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండలో అంత తెలుపు ఒక్కసారిగా చూసేసరికి కళ్ళు చెదిరి, మెట్ల దగ్గరే ఆగిపోయాను. నడిచేందుకు దారి కనిపించలేదు.

"అలాగ అంచు ఎంబడే వచ్చీ తల్లీ. ఏ ఊరు మీది?" అందావిడ, పిట్టగోడ నీడలో కూర్చుని.

"పాత్రపూర్ దగ్గర మామ్మా."

"ఒంట సేసుకుంటావా, ఓటల్లో తింటావా?"

"సేసుకుంటాను."

"అయితే ఇది నోట్లో ఏసుకోని సెప్పు." పచ్చి అప్పడాల పిండి, ఉసిరికాయంత ఉండ, నా అరచేతిలో పెట్టింది. "ఉప్పు సరిపోనాదా?"

"సరిపోయింది మామ్మా."

"అలాగ మొకమాటానికి సెప్పకు. ఎక్కువా, తక్కువా?"

ఇంకోసారి చప్పరించి చూశాను. మిరియం ఘాటు, ఇంగువ వాసన దాటుకుని ఉప్పు వెనగ్గా, కాస్త ఆలస్యంగా వచ్చింది.

"రవ్వంత తక్కువుంది."

ఆవిడ ముఖం విచ్చుకుంది. చెల్లెలి వైపు తిరిగి, వేళ్ళతో చిటికెడు చూపించి, గట్టిగా అరిచి చెప్పింది, "తక్కువంటన్నాది! నాను సెప్పనేదా?" తర్వాత నాతో అంది, "గది నీదే. సామాను తెచ్చుకో."

ఆ పరీక్ష ఎందుకో వారం తర్వాత తెలిసింది. ఆవిడకు గుండె నీరసించింది. ఆగిపోయే జబ్బు కాదు, నెత్తురును తోసే బలం తగ్గే జబ్బు. అందువల్ల ఒంట్లో నీరు చేరేది, కాళ్ళు ఉబ్బేవి, రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. నలభై ఏళ్ళు ఊరికి అప్పడాలు పెట్టిన మనిషి, పిండిలో ఉప్పును నాలిక కొనతో తూచే మనిషి, ఇక పిండి నోట్లో పెట్టుకోకూడదు. కొన్నాళ్ళు నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసి నోరు పుక్కిలించేదట. అదీ మానేసింది. చెల్లెలికి రుచి పట్టదు. అందుకని మనిషి కావలసి వచ్చింది.

"నా నాలిక రిటైరైపోనాది పిల్లా. నీది ఉజ్జోగంలో చేరింది," అనేది నవ్వుతూ.

ఒకసారి తనకోసం ఉప్పు లేని అప్పడం ఒకటి చేసుకుని, కాల్చుకుని, ఒక ముక్క కొరికి చాలాసేపు నమిలింది. "ఇది అప్పడం కాదు, అట్టముక్క," అని మిగతాది కాకులకు వేసేసింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు. మేము తింటుంటే అప్పడం విరిగే చప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని వినేది.

ఆవిడ జబ్బును తన పనిలోంచే అర్థం చేసుకుంది. పొద్దున్నే లేవగానే కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలేది. గుంట పడి అలాగే ఉంటే, "పిండి పలచనయినాది ఇయ్యాల," అనేది. అంటే నీరు చేరిందని. గుంట వెంటనే పూడుకుంటే, "గట్టిగానే ఉన్నాది," అని లేచేది. మినప్పిండి బస్తాలు తూచే కాటా మీద తనే ఎక్కి నిలబడేది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆసుపత్రికి రమ్మని డాక్టరు చెప్పారు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ మరిచిపోలేదు.

మాత్రలు మూడు రకాలు. ఒకటి నీరు పోవడానికి, ఒకటి రక్తపోటుకు, మూడోది గుండె కొట్టుకోవడాన్ని నెమ్మది చేసి బలం ఇచ్చే చిన్న తెల్ల మాత్ర. డిజాక్సిన్. కందిపప్పు బద్దంత ఉండేది. ఆవిడకు దాన్ని వారానికి అయిదు రోజులే రాశారు, శని ఆదివారాలు వద్దన్నారు. "నీలాగే గవర్నమెంటు ఉజ్జోగం దీనిది," అని నన్ను ఆటపట్టించేది.

ఆ మాత్రకు ఒక నియమం ఉంది. వేసుకునే ముందు నాడి చూసుకోవాలి. నిమిషానికి అరవై కన్నా తక్కువుంటే ఆ రోజు వేసుకోకుండా డాక్టరుకు చెప్పాలి. ఎక్కువైతే విషమయ్యే మందు అది, సరైన కొలతకూ ప్రమాదానికీ మధ్య దూరం చాలా తక్కువ అని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదని కూడా.

నాడి చూడడం ఆవిడకు నేను నేర్పాను. మొదట్లో పెద్ద చిక్కొచ్చింది. గడియారం ముల్లు వైపు చూస్తే లెక్క తప్పేది, లెక్క మీద ఉంటే ముల్లు సంగతి మరిచేది. చిన్నప్పుడు ఒడియా బడిలో రెండు తరగతులు చదివిందట, అందుకని అంకెలు ఒడియాలోనే వచ్చేవి. ఏకొ, దుయి, తిని, చారి. నేను ముల్లు చూస్తూ "చాలు" అనేదాన్ని, ఆవిడ ఎక్కడ ఆగితే అది నాడి. నెల తిరిగేసరికి నేను లేకుండానే రెండూ చేయగలిగింది.

పొద్దున్న ఏడింటికి ఆవిడ కుడి చెయ్యి ఒకసారి పైకి లేచేది. అంతే, చెల్లెలు అప్పడాల కర్ర ఆపేసేది. చెల్లెలికి చప్పుడు వినపడదు గాని చెయ్యి కనపడేది. పాలు పోయడానికి వచ్చినావిడ గుమ్మంలో చెంబు పట్టుకుని అలాగే నిలబడేది. మేడ మీద నేను తల దువ్వుకుంటూ ఆగేదాన్ని. పిండి వాసన, పక్కింటి ఊదొత్తి పొగ, కిటికీ ఊచల మధ్యనుంచి పడే లేత ఎండ. ఆ ఒక్క నిమిషం ఇల్లంతా నీళ్ళ కింద ఉన్నట్టుండేది. ఆవిడ పెదవులు ఒక్కటే కదిలేవి. ఒకసారి ఎవరింటి పెళ్ళిదో ఊరేగింపు బ్యాండు మేళంతో పొద్దున్నే మా వీధిలోకి వచ్చింది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఎత్తింది. ఎవరు చెప్పారో, ఏమనుకున్నారో తెలియదు, డప్పు ఆగిపోయింది. పెళ్ళికొడుకు కారులో కూర్చుని తెల్లబోయి చూస్తున్నాడు. లెక్క పూర్తయ్యాక ఆవిడ చెయ్యి ఊపి, "హఁ, ఠిక్ అచ్చి, బజావ్!" అంది, సరే, ఇక వాయించండి అని. మేళం మళ్ళీ మొదలైంది.

తర్వాత మాత్రను అరచేతిలో పెట్టుకుని దానితో మాట్లాడేది. "నీ పని నువ్వు సెయ్యి. నా పని నాను సేస్తాను." అప్పుడు నోట్లో వేసుకుని, కొలిచి పెట్టుకున్న చిన్న గ్లాసు నీళ్ళు తాగేది. నీళ్ళకూ లెక్కుండేది మరి.

మాత్రల అట్టల మీద అక్షరాలు ఆవిడకు రావు. ఇంగ్లీషు అసలే రాదు. కొత్త అట్ట వచ్చినప్పుడల్లా నేను చదివి, ఇది పొద్దున్నది, ఇది రాత్రిది అని వేరువేరు గుడ్డ సంచుల్లో పెట్టేదాన్ని. అలా మూడేళ్ళు గడిచాయి.

నాలుగో ఏడు కోతలప్పుడు అమ్మకు ఒంట్లో బాగాలేక నేను రెండు వారాలు సెలవు పెట్టి ఊరెళ్ళాను. ఆ రెండు వారాల్లోనే జరగకూడనిది జరిగింది.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే అప్పడాల కర్ర చప్పుడు వినిపించలేదు. డాబా మీద అప్పడాలు ఆరుతున్నాయి. వాటి మధ్య, అంచున కాదు, మధ్యలో, ఆవిడ కూర్చుని ఉంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. నన్ను చూసి నవ్వింది. నిద్రలో పిల్లలు నవ్వే నవ్వు.

"పిల్లా, వొచ్చినావా. బంగారం సేత్తన్నాను సూడు."

"బంగారమేటి మామ్మా?"

"అదిగో. పసుపు రాసినట్టు నేదూ? మిల్లోడు పిండిలో ఏటో కలిపినాడని ఒక బస్తా తిప్పి పంపించీసినాను. తరవాత సూస్తే సున్నం గోడ కూడా అలాగే ఉన్నాది. పాలూ అలాగే ఉన్నాయి. తప్పు మిల్లోడిది కాదు పిల్లా. లోకమే అలాగైపోనాది."

అప్పడాలు ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. నేను ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకు ఎత్తి చూశాను. తెలుపే. కాని ఆవిడ అంత ఆనందంగా చెబుతుంటే తెల్లగా ఉందని అనడానికి నోరు రాలేదు. కళ్ళల్లో శుక్లాలేమో, కంటి డాక్టరుకు చూపించాలి అనుకున్నాను. ఇది నేను ఎవరితోనూ ఎక్కువగా చెప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం నేనూ ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చూపించినచోటల్లా చూస్తూ, ఆ పసుపును ఊహించుకుని సంతోషపడ్డాను.

"కిందికి రా, ఇంకోటి సూపిస్తాను," అంది.

గోడకు ఆవిడ భర్త ఫొటో. రైల్వేలో కలాసీగా చేసి, ఎప్పుడో నేను పుట్టకముందే పోయారు. నలుపు తెలుపు ఫొటో, అంచులు చెద పట్టాయి. ఆవిడ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆ పీట అక్కడే ఉందంటే, చాలా రోజుల నుంచి అక్కడే కూర్చుంటోందన్నమాట.

"సూసినావా? మొకం సుట్టూ ఎలుగు. దీపం సుట్టూ మంచులో గుండ్రంగా కడతాది సూడు, అలాగ. పెల్లినాడు నలుగెట్టినప్పుడు ఇలాగే ఉన్నాడు. ఇన్నాల్లకి మల్లీ వొచ్చినాడు."

చెల్లెలు వంటింటి గుమ్మంలోంచి నాకు సైగ చేసింది. నోటి దగ్గర చెయ్యి పెట్టి, అడ్డంగా ఊపింది. తినడం లేదని.

"ఏటి మామ్మా, అన్నం తినట్లేదంట?"

"ఆకలి నేదు. తింటే ఎగదన్నుకుని వొస్తంది. ఒంటికి ఎండ తగిలింది, అంతే."

"నాడి సూసుకుంటున్నావా?"

"సూసినాను."

"ఎంతుంది?"

"ఎనభై," అంది. నా వైపు చూడకుండా, ఫొటో వైపు చూస్తూ అంది.

ఆవిడ లెక్క మీద నాకు నమ్మకం. పైకి వెళ్ళి బట్టలు ఉతుక్కున్నాను, గది ఊడ్చుకున్నాను. సాయంత్రం పొద్దు వాలుతుండగా దీపం వేసి, కాఫీ పెట్టుకుని రెండు గ్లాసులతో కిందికి దిగాను. ఆవిడ ఇంకా ఆ పీట మీదే ఉంది. నా అడుగుల చప్పుడుకు తలెత్తింది. నేను బల్బు కింద నిలబడి ఉన్నాను. ఆవిడ నన్నే చూస్తోంది. మధ్యాహ్నం నుంచీ ముఖం మీద ఉన్న నవ్వు ఒక్కసారిగా పోయింది. నోరు కాస్త తెరుచుకుంది. ఎడమ చెయ్యి నా వైపు చాచింది.

"పిల్లా, నా సెయ్యి సూడు. బేగి సూడు."

గ్లాసులు కింద పెట్టి మణికట్టు పట్టుకున్నాను. ఒకటి కొట్టింది. రెండోది రావడానికి అంతసేపు పట్టింది, వేళ్ళు సరైన చోట పెట్టలేదేమో అనుకున్నాను. వేళ్ళు జరిపి మళ్ళీ పట్టుకున్నాను. రెండు కొట్టి ఒకటి ఎగిరిపోయేది, మళ్ళీ మెల్లగా ఒకటి. గడియారం ముల్లు తిరిగి వచ్చేసరికి నలభై నాలుగు.

"మాత్రలేవీ మామ్మా? అన్నీ తే."

గుడ్డ సంచులు నా ముందు కుమ్మరించింది. చిన్న తెల్ల మాత్రలవి రెండు రకాల అట్టలున్నాయి. ఒకటి నీలం అక్షరాలది, మధ్యలో ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర దొరకనప్పుడు నేనే దుకాణంలో కొన్నది. రెండోది ఎర్ర అక్షరాలది. నేను లేనప్పుడు ఆవిడ ఒక్కతే పెద్దాసుపత్రికి వెళ్ళినరోజు ఉచితంగా ఇచ్చినది. పెద్ద అక్షరాల్లో రెండింటికీ వేరువేరు పేర్లు. కింద, చీమల బారులా ఉన్న చిన్న అక్షరాల్లో మాత్రం రెండింటి మీదా ఒకే మాట ఉంది. డిజాక్సిన్.

"ఈ ఎర్రది ఎప్పుడు ఏసుకుంటన్నావు?"

"సాయంత్రం. కొత్త మందు గదా అని."

"నీలంది?"

"పొద్దున్న. ఎప్పట్లాగే."

"శని ఆదివారాలు?"

"నీలందానికి సెలవు. ఎర్రదానికి సెలవని ఎవులూ సెప్పనేదు గదా."

ఒకే మందును రెట్టింపు మింగుతోందన్నమాట; అట్టలన్నీ ఏరుకుని వీధిలోకి పరిగెత్తాను. వీధి చివర ఆటో దొరికింది. ఆవిడను మధ్యలో కూర్చోబెట్టి, చెల్లెలు ఒక పక్క, నేనొక పక్క. మాత్రల అట్టలన్నీ నా ఒళ్ళో. బరంపురం దీపాలు వెలిగే వేళ. పట్టుచీరల దుకాణాలు, మిఠాయి కొట్లు, సైకిళ్ళు, అన్నీ మా పక్కనుంచి జారిపోతున్నాయి. ఆవిడ దీపాల వైపు చూడలేదు. దారి పొడవునా నా చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని, నా ముఖం వైపు చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నేను తన కోసం భయపడుతుంటే, తను కూడా తన కోసమే భయపడుతోంది కాబోలు అనుకున్నాను.

ఆసుపత్రిలో పడుచు డాక్టరమ్మ, ఒడియా అమ్మాయి, అట్టలు రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క క్షణం చూసి, వెంటనే ఈసీజీ తీయించింది. రక్తం తీసుకున్నారు. మాత్ర ఆపేశారు. ఒంట్లో పొటాషియం కూడా తగ్గిందనీ, నీటి మాత్రల వల్ల అలా తగ్గితే ఈ మందు ఇంకా కాటేస్తుందనీ చెప్పింది. ఆ రాత్రి మంచం పక్కనే, గుండె చూపించే తెర మీద ఆకుపచ్చ గీత పాకుతూ ఉంది. ఆగుతూ, లేస్తూ. మేమిద్దరం దాని వైపే చూస్తూ కూర్చున్నాం. చెల్లెలు అక్క పాదాలు ఒళ్ళో పెట్టుకుని కదలలేదు.

మూడో రోజుకు గీత దగ్గర దగ్గరగా లేవడం మొదలైంది. అయిదో రోజు పొద్దున్న ఆవిడ ఇడ్లీ అడిగింది. తింటూ గోడ వైపు చూసి, తినడం ఆపింది.

"తెల్లగైపోనాది," అంది.

డాక్టరమ్మ వచ్చినప్పుడు ఒడియాలో అడిగింది, "సే హళదియా రంగ కుఆడె గలా?" ఆ పసుపు రంగు ఎక్కడికి పోయింది, అని.

డాక్టరమ్మ నవ్వలేదు. మంచం అంచున కూర్చుని నిదానంగా చెప్పింది. అది బయటిది కాదు మౌసీ, మందు ఎక్కువై కంటికి అలా కనిపించింది. మళ్ళీ ఎప్పుడైనా లోకం పసుపుగా కనిపించినా, దీపం చుట్టూ వలయం కనిపించినా, ఆకలి చచ్చి వాంతి వచ్చినా, ఆ రోజే రావాలి. బాగుంది కదా అని చూస్తూ కూర్చోకూడదు.

ఆవిడ బుద్ధిగా తలూపింది. డాక్టరమ్మ వెళ్ళాక గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని తెలిసి కూడా నేను మాట్లాడించలేదు. ఆయన రెండోసారి పోయాడు మరి.

కొన్ని రోజుల తర్వాత మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు, సగం కొలతతో. ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని, నాచేత ఖాళీ అట్ట మీద ఆ చిన్న అక్షరాల ముక్కను కత్తిరింపించుకోవడం. దాన్ని గడియారం కింద అన్నం మెతుకులతో అంటించింది. గుడ్డ సంచులు తీసేసి మాత్రలన్నీ ఒకే రేకు డబ్బాలో పెట్టింది. కొత్త అట్ట ఏది ఇంట్లోకి వచ్చినా ముందు గోడ దగ్గరికి వెళ్ళేది. ఆ ముక్క పక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం ఆకారం వేలితో దిద్దుతూ పోల్చేది.

"అచ్చరం రాకపోతే ఏటి? గుండ్రంగా ఒత్తిన అప్పడం ఎవులిదో, ఒంకరగా ఒత్తినది ఎవులిదో నాకు తెలీదా? ఇదీ అంతే. దీనికి పొట్ట ఇటుపక్కుంటాది, దానికి కాలు ఒంకరుంటాది."

డబ్బా మొత్తం పట్టుకెళ్ళకుండా ఏ డాక్టరు గుమ్మమూ ఎక్కలేదు, పంటినొప్పికి కూడా. మోకాలు నొప్పికి ఎవరో మాత్ర ఇస్తే, "ఇది నా డబ్బాలో ఓల్లతో పడతాదా అని డాక్టరమ్మని అడగాల," అని పక్కన పెట్టేసింది. అడిగింది కూడా. వద్దన్నారు, ఆ రకం నొప్పి మాత్రలు ఒంట్లో నీరు పెంచుతాయని. దుకాణంలో అబ్బాయి వేరే పేరున్న అట్ట ఇచ్చి, "ఒకటే మౌసీ" అంటే ఊరుకునేది కాదు. "కింద సిన్నచ్చరాలు సదువు బాబూ. గట్టిగా సదువు," అని నిలబెట్టి చదివించేది. వెనక వరసలో మనుషులు విసుక్కున్నా కదిలేది కాదు.

మెల్లగా వీధిలో ఆడవాళ్ళు తమ అట్టలు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. ఒకావిడ రక్తపోటుకు రెండు దుకాణాల్లో రెండు పేర్లతో ఒకే మాత్ర కొనుక్కుని మింగుతోందని ముందు పట్టుకున్నది ఈ చదువు రాని మనిషే. ఆవిడను దగ్గరుండి ఆసుపత్రికి పంపి, తిరిగి వచ్చేవరకూ వీధి అరుగు మీదే కూర్చుంది. అప్పడాల పీట చుట్టూ మాత్రల ముచ్చట్లు నడిచేవి. డాబా మీద ఎండ, కింద ఆడవాళ్ళ గొంతులు, మధ్యలో ఎక్కడో ఆవిడ నవ్వు. ఆ రోజులు తలుచుకుంటే అంతా ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తుంది నాకు.

తర్వాత నాకు పొలసర బదిలీ అయింది. మూడు నాలుగు నెలలకోసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కాస్త చిన్నదైపోయినట్టుండేది. అప్పడాల పని చెల్లెలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చూసుకునేవారు. ఈవిడ మంచం మీద దిళ్ళకు ఆనుకుని ఉండలు చేసి ఇచ్చేది. ఉండలన్నీ ఒకే కొలతలో వచ్చేవి, అది మాత్రం తప్పలేదు.

కిందటి చలికాలం వెళ్ళడమే ఆఖరిసారి అయింది. మధ్యాహ్నం. చెల్లెలు డాబా మీద ఉంది. గదిలో మేమిద్దరమే. మాటల్లో ఏదో వచ్చి, చాలా ఏళ్ళుగా నాలో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"మామ్మా, ఆ రోజు మజ్జానం ఎనభై అన్నావు. సాయంత్రానికి నువ్వే సెయ్యి సాపినావు. ఎందుకలాగ?"

ఆవిడ ఉండ ఒకటి అరచేతుల మధ్య తిప్పుతూ ఉంది.

"అబద్దం ఆడినాను పిల్లా. ఆ పొద్దున్న లెక్కెడితే యాభై కూడా నేదు. అంతకు ముందు రోజూ అంతే. మాత్ర ఏసుకోకూడదని తెలుసు. ఏసుకున్నాను."

"తెలిసి కూడానా?"

"ఆయన కనపడతన్నాడు గదా. మాత్ర మానితే పోతాడేమో అని బయం. సచ్చిపోయినోల్లకి ఆ ఎలుగు ఉంటాదనీ, నాను దగ్గరకి వొచ్చీసినాను గనక నాకు కనపడతన్నాదనీ అనుకున్నాను. పోతే పోతాను, ఏటైనాది? ముసిలిదాన్ని. అలాగ సూస్తా సూస్తా పోవచ్చు అనుకున్నాను."

నీళ్ళ గ్లాసు అందించాను. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టింది.

"సాయంత్రం నువ్వు కాపీ గలాసులతో దిగినావు. బల్బు కింద నిలబడినావు. నీ మొకం సుట్టూ కూడా అదే ఎలుగు. ఆయనకున్నట్టే, గుండ్రంగా." ఆవిడ కళ్ళు మూసుకుంది. "నా గుండెలు జారిపోనాయి. నువ్వు బతికున్నదానివి. పాతికేల్లు దాటినాయో నేదో. నీకెందుకు వొచ్చినాది ఆ ఎలుగు? దాన్ని నా కళ్ళే పిలిచి తెచ్చినాయేమో అనిపించినాది. ఆపీయాల, ఏదోటి సేసి ఆపీయాల. మరేటీ తోచక సెయ్యి సాపినాను."

ఆటోలో ఆవిడ కళ్ళు ఎందుకు మూసుకుందో అప్పుడు తెలిసింది. తన కోసం కాదు. నా ముఖం చూడలేక.

ఆవిడే తేరుకుని, కిటికీ వైపు చూసి, "పొద్దు వాలిపోతంది, పొలసర బస్సు ఎల్లిపోద్ది. బేగి ఎల్లు," అంది.

నేను నా సంచి మంచం కిందికి తోసి, ఆవిడ పక్కన కూర్చుని, పిండి గిన్నె నా వైపు లాక్కున్నాను. ఆ రోజు బస్సు వెళ్ళిపోయింది.